స్మాగ్ చెక్ తప్పిన పాత మియాటాలో లోపం ఎక్కడుందో కనిపెట్టడం

1990 నుంచి 1993 వరకు అమెరికాలో అమ్ముడైన మాజ్దా మియాటాలో 1.6 లీటర్ల ఇంజన్ ఉంటుంది. కాలిఫోర్నియాలో ఈ వయసు కార్లకు సాధారణంగా రెండేళ్లకొకసారి స్మాగ్ చెక్ అనే పొగ పరీక్ష తప్పనిసరి. శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియా వంటి ప్రాంతాల్లో కారును రోలర్ల మీద గంటకు 15, 25 మైళ్ల వేగంతో నడిపి, పొగగొట్టంలో ప్రోబ్ పెట్టి హైడ్రోకార్బన్లు, కార్బన్ మోనాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ ఎంత వస్తున్నాయో కొలుస్తారు. పరీక్ష తప్పగానే, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చేద్దామనిపించడం సహజమే గాని, చేతిలోని రిపోర్టును సరిగా చదవకముందే ఏ విడిభాగమూ కొనవద్దని నా సలహా.

ఆ మూడు అంకెలను కలిపి చదవాలి. కార్బన్ మోనాక్సైడ్ పెరిగిందంటే ఇంజన్‌కు పెట్రోలు ఎక్కువగా అందుతోందని అర్థం. అది మామూలుగా ఉండి హైడ్రోకార్బన్లు మాత్రమే పెరిగితే, ఏదో ఒక సిలిండర్లో ఇంధనం సరిగా అంటుకోవడం లేదు. ఈ కారులో ముందుగా అనుమానించవలసినవి స్పార్క్ ప్లగ్‌లకు కరెంటు అందించే ప్లగ్ వైర్లు. నైట్రిక్ ఆక్సైడ్ ఒక్కటే పెరిగితే సిలిండర్లలో వేడి మితిమీరుతోందన్నమాట.

ఆ మూడో సందర్భంలో మొదట చూడవలసింది ఇగ్నిషన్ టైమింగ్, అంటే ప్లగ్‌లో నిప్పురవ్వ పుట్టే సమయం. కంపెనీ నిర్ణయించినది పిస్టన్ పైకొసకు చేరడానికి 10 డిగ్రీల ముందు. అయితే కాస్త చురుకుదనం కోసం దానిని 14 డిగ్రీలకు జరపడం మియాటా యజమానుల్లో పాత అలవాటు, కాబట్టి మీకంటే ముందు కారు నడిపినవారు ఆ పని చేసి ఉండవచ్చు. ఇంజన్ బాగా వేడెక్కాక, ఆరుబయటే, బానెట్ కింద ఎడమవైపు ఉన్న డయాగ్నోసిస్ పెట్టె తెరిచి టీఈఎన్, జీఎన్‌డీ అనే రెండు రంధ్రాలను చిన్న వైరుతో కలపండి. అలా కలిపితేనే కంప్యూటర్ టైమింగ్‌ను తనంతట తాను మార్చకుండా ఉంటుంది. ఈ మెట్టు మరచిపోతే టైమింగ్ లైట్ (టైమింగ్‌ను కొలిచే మెరుపు దీపం) చూపే అంకెకు విలువ లేదు. ఐడిల్ (యాక్సిలరేటర్ నొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) 850 ఆర్పీఎం దగ్గర ఉందని చూసుకుని, సిలిండర్ హెడ్ వెనక ఉన్న క్యామ్ యాంగిల్ సెన్సర్ బోల్టును కొద్దిగా వదులు చేసి, ఆ లైటు వెలుగులో కనిపించే పుల్లీ మీది గుర్తు 10 డిగ్రీలకు వచ్చేదాకా సెన్సర్‌ను మెల్లగా తిప్పాలి.

ఇంజన్ ఆపి, అదే వైరును అలాగే ఉంచి ఇగ్నిషన్ ఆన్ చేస్తే, చెక్ ఇంజన్ దీపం మిణుకుతూ లోపాల కోడ్లు చెబుతుంది. పొడవైన మిణుకు పదులకు, పొట్టి మిణుకు ఒకట్లకు లెక్క. ఒక పొడవు, అయిదు పొట్టి కనిపిస్తే 15, అంటే పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను గమనించే ఆక్సిజన్ సెన్సర్. తొమ్మిది పొట్టి మిణుకులైతే కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సర్. రెండవది చెడితే ఇంజన్ ఎప్పుడూ చల్లగానే ఉందని కంప్యూటర్ భ్రమపడి పెట్రోలు ఎక్కువగా పోయిస్తుంది. అయితే సెన్సర్ పూర్తిగా చెడకుండా తప్పుడు లెక్క చెబుతున్నప్పుడు కోడ్ రాకపోవచ్చు, అందుకని మల్టీమీటర్‌తో కూడా చూడాలి. కూలెంట్ సెన్సర్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 2.2 నుంచి 2.7 కిలో ఓములు, 80 డిగ్రీల దగ్గర 0.3 కిలో ఓముల చుట్టుపక్కల చూపాలి. ఇంజన్ వేడిగా నడుస్తున్నప్పుడు ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ సుమారు 0.1, 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగాలి. ఒకచోటే నిలిచిపోయిందంటే సెన్సరైనా చెడి ఉండాలి, గాలి-పెట్రోలు మిశ్రమమైనా అదుపు తప్పి ఉండాలి.

గాలి లీకుల పరీక్షకు పనిముట్లు అక్కరలేదు. ఐడిల్‌లో ఉన్నప్పుడు ఇంజన్ ఆయిల్ పోసే చోటి మూత తీయండి. ఇంజన్ తడబడితే మంచిదే. ఏ తేడా లేకపోతే గాలి అప్పటికే మరో దారిన లోపలికి వస్తోందని అనుమానించాలి. ఇంజన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో మీటరు తరువాతి రబ్బరు గొట్టం మడతలను వేళ్లతో విప్పి చూస్తే పగుళ్లు బయటపడతాయి.

ఇవన్నీ సరిచేసినా మూడు అంకెలూ ఎక్కువగానే ఉంటే అప్పుడు కన్వర్టర్ సంగతి ఆలోచించాలి. ఇంధనం అంటుకోని సిలిండర్‌ను బాగుచేయకుండా కొత్తది బిగిస్తే, కాలని పెట్రోలు దానిలోకి చేరి అదీ కాలిపోతుంది. కాలిఫోర్నియాలో అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఆమోదించిన కన్వర్టరే చెల్లుతుంది, కొనేముందు ఆ ఆమోద సంఖ్య మీ కారు మోడలుకు వర్తిస్తుందో లేదో చూసుకోవాలి. మళ్లీ పరీక్షకు వెళ్లేరోజు కారును కనీసం ఇరవై నిమిషాలు హైవే మీద నడిపి, కన్వర్టర్ చల్లారకముందే లోపలికి తీసుకువెళ్లండి.