స్క్రీన్ రీడర్‌తో వెబ్ ఫారం తప్పుల్లేకుండా నింపడం ఎలా?

చూపులేనివారు వెబ్ ఫారంలో పేరు గడి దగ్గర ఆగి ‘లక్ష్మి’ అని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తారు. గడిలో ఒక్క అక్షరమూ పడదు. కర్సర్ మాత్రం పేజీలో ఎక్కడెక్కడికో వెళ్లిపోతుంది. ఈ వెబ్‌సైటు మనకు పనికిరాదని లేచిపోయి, చూపున్నవారెవరినైనా నింపిపెట్టమని బతిమాలుకుంటారు. నేను నేర్పడానికి కూర్చున్న చోటల్లా ఇదే చూశాను. తప్పు కంప్యూటర్‌ది కాదు. ఏ మోడ్‌లో ఉన్నారో తెలుసుకోకుండా కీబోర్డు మీద చెయ్యి వేశారు.

కావలసినవి కొద్దే. విండోస్ కంప్యూటర్, ఎన్‌వీడీఏ, క్రోమ్ గాని ఫైర్‌ఫాక్స్ గాని, ఒక ఇయర్‌ఫోను. ఎన్‌వీడీఏ అంటే తెర మీద ఉన్నదాన్ని పలికి వినిపించే స్క్రీన్ రీడర్, ఉచితం. చూపులేని ఆస్ట్రేలియా యువకుడు మైఖేల్ కరన్ 2006లో దీన్ని రాయడం మొదలుపెట్టారు. ఇన్‌సర్ట్ కీనే ఎన్‌వీడీఏ కీ అంటాం. ల్యాప్‌టాప్ వాడేవారు సెట్టింగుల్లో క్యాప్స్ లాక్‌ను ఆ పనికి పెట్టుకోవచ్చు. దరఖాస్తుకు అవసరమైన నంబర్లు, తేదీలు ముందే నోట్‌ప్యాడ్‌లో రాసి ఉంచుకోండి. ఆండ్రాయిడ్ ఫోనులో ఉండే టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్‌తోనూ ఫారాలు నింపవచ్చు గాని, పొడవైన దరఖాస్తును ఫోనులో నింపకూడదు.

ముందు చదవాలి

పేజీ తెరుచుకోగానే ట్యాబ్ కీ మీదకు వేలు పోనివ్వకండి. ట్యాబ్ గడుల దగ్గర, లింకుల దగ్గర, బటన్ల దగ్గర మాత్రమే ఆగుతుంది. వాటి మధ్య ఉన్న మామూలు వాక్యాలను దాటేస్తుంది. ఫొటో ఎన్ని కేబీలు ఉండాలో, పేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే రాయాలో లేదో చెప్పేది ఆ వాక్యాలే. అందుకని కింది బాణం కీతో పై నుంచి చివరి వరకు ఒకసారి వినండి. చాలా పెద్ద పేజీ అయితే హెచ్ అక్షరం నొక్కుతూ శీర్షికల మీదుగా వెళ్లండి. ఎన్‌వీడీఏ కీతో ఎఫ్7 నొక్కి, వచ్చిన కిటికీలో ఫారం ఫీల్డ్స్ అన్నది ఎంచుకుంటే పేజీలోని గడులన్నీ ఒక జాబితాగా వస్తాయి. ఎన్ని గడులు నింపాలో అక్కడే తేలిపోతుంది.

ట్యాబ్‌తోనే పని వేగంగా అవుతుందని వాదించేవారు ఉన్నారు. చివరి పేజీ దాకా వెళ్లాక ఏదో సూచన వినలేదని తెలిసి, మళ్లీ మొదటి నుంచి నింపినవాళ్లను లెక్కపెట్టమంటే చాలామందిని చెప్పగలను. ఐదు నిమిషాలు చదవడమే వేగం.

అసలు కష్టం: రెండు మోడ్‌లు

ఇక్కడ తొందరపడకండి. వెబ్ పేజీలో ఎన్‌వీడీఏ రెండు విధాలుగా పనిచేస్తుంది. బ్రౌజ్ మోడ్ చదవడానికి. ఫోకస్ మోడ్ రాయడానికి. బ్రౌజ్ మోడ్‌లో దాదాపు ప్రతి అక్షరమూ ఒక ఆజ్ఞ. ‘లక్ష్మి’ అని టైపు చేసినప్పుడు ఎల్ జాబితాకు, కే లింకుకు, ఎస్ విభజన గీతకు, హెచ్ శీర్షికకు, ఎం ఫ్రేముకు, ఐ జాబితాలోని అంశానికి తీసుకుపోతాయి. పేరు గడిలో పడకపోవడానికి కారణం అదే. ఫోకస్ మోడ్‌లో అవే అక్షరాలు గడిలోకి వెళ్తాయి.

ఎన్‌వీడీఏ కీతో స్పేస్ నొక్కితే మోడ్ మారుతుంది. మారినప్పుడల్లా ఒక చిన్న శబ్దం వస్తుంది. రెండింటికీ శబ్దం వేరు. ఏ ఫారమూ తెరవకముందే, ఖాళీగా ఉన్న ఏ వెబ్ పేజీలోనైనా పదిసార్లు అటూ ఇటూ మార్చి ఆ రెండు శబ్దాలనూ చెవికి అలవాటు చేయండి. అయినా తేడా తెలియకపోతే సెట్టింగుల్లోని బ్రౌజ్ మోడ్ విభాగంలో ఆ శబ్దాల ఆప్షన్‌ను తీసేయండి. అప్పుడు ఎన్‌వీడీఏ మోడ్ పేరునే పలుకుతుంది. కొత్తగా నేర్చుకునేవారందరూ ఇలాగే పెట్టుకోవాలి.

ట్యాబ్‌తో గడిలోకి వెళ్తే ఫోకస్ మోడ్ తనంతట తానే వస్తుంది. రాసే గడులకు తీసుకెళ్లే ఇంగ్లీషు ‘E’ అక్షరం నొక్కి గాని, బాణం కీతో గాని గడి దగ్గరకు వెళ్తే రాదు. అప్పుడు ఎంటర్ నొక్కాలి. ఒక్కసారే నొక్కాలి. ఫోకస్ మోడ్‌లోకి వచ్చాక గడిలో మళ్లీ ఎంటర్ నొక్కితే చాలా ఫారాలు సగం నిండినవి నిండినట్టే సబ్మిట్ అయిపోతాయి. శబ్దం వినిపించలేదని రెండోసారి నొక్కడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి గ్రహించండి. అనుమానం వస్తే ఎన్‌వీడీఏ కీతో ట్యాబ్ నొక్కండి. ఎక్కడ ఉన్నారో అది చెబుతుంది.

బయటికి రావడానికి ఎస్కేప్. ఇదీ ఒక్కసారే. మొదటి ఎస్కేప్ మోడ్‌ను మారుస్తుంది, రెండోది నేరుగా పేజీకి చేరుతుంది. ఫారం ఒక చిన్న కిటికీలో తెరుచుకుని ఉంటే ఆ కిటికీయే మూసుకుపోవచ్చు. ఇంకొక మాట. ఫోకస్ మోడ్‌ను మీరే ఎన్‌వీడీఏ కీ, స్పేస్ కలిపి నొక్కి తెచ్చుకుని ఉంటే ఎస్కేప్ పనిచేయదు, మళ్లీ ఆ రెండు కీలతోనే మార్చాలి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది బాణం కీ. ఫోకస్ మోడ్‌లో ఉన్నామన్నది మరిచి, తర్వాతి వాక్యం వినాలని కింది బాణం నొక్కుతారు. కాంబో బాక్స్‌లో, అంటే జాబితా నుంచి ఒకటి ఎంచుకునే గడిలో ఉంటే, ఎంచుకున్న జిల్లా మారిపోతుంది. కొన్నిటిలో ఒక్కటే ఎంచుకునే రేడియో బటన్ మీద ఉంటే ఎంపిక మారిపోతుంది. పిన్‌కోడ్‌ను అంకెల గడిగా పెట్టిన ఫారాల్లో పై బాణం ఒక్కసారి నొక్కితే 500001 కాస్తా 500002 అవుతుంది. నా తొలి రోజుల్లో ఒక ఉద్యోగ దరఖాస్తులో నా పుట్టిన సంవత్సరం ఇలాగే మారిపోయింది. నేను గుర్తించేసరికి గడువు దాటింది. ఆ బాధ ఇంకొకరికి రాకూడదనే ఇంత చెబుతున్నాను. గడి నిండగానే ఎస్కేప్ నొక్కి, ఆ తర్వాతే బాణం కీ ముట్టుకోండి.

జాస్ (JAWS) అనే మరో స్క్రీన్ రీడర్ వాడేవారికి బాణం కీతో గడిలోకి రాగానే మోడ్ దానంతట అదే మారిపోతుంది. అది సౌకర్యమంటారు. ఎప్పుడు రాయాలో నేను నిర్ణయించాలి, సాఫ్ట్‌వేర్ కాదు. అందుకే ఎన్‌వీడీఏ పద్ధతే మేలు.

గడులు నింపడం

మామూలు గడుల్లో టైపు చేయడమే. పాస్‌వర్డ్ గడిలో ప్రతి అక్షరానికీ ‘స్టార్’ అని మాత్రమే పలుకుతుంది, కంగారు పడకండి. టిక్ పెట్టే చెక్ బాక్స్‌కు స్పేస్ చాలు. కాంబో బాక్స్‌ను ఆల్ట్‌తో కింది బాణం నొక్కి తెరిచి, ఎంచుకుని, ఎంటర్ నొక్కండి. బాణాలతో వరుసగా దిగనక్కర్లేదు. తెలంగాణలో 33 జిల్లాలు, ఎన్‌తో మొదలయ్యేవే ఐదు. ఎన్ ఒక్కటే కొడితే నాగర్‌కర్నూల్ దగ్గర ఆగుతుంది. ఎన్, ఐ, జెడ్ గబగబా కొడితే నిజామాబాద్ వస్తుంది. రాష్ట్రం ఎంచుకున్నాక జిల్లాల జాబితా రావడానికి కొంత సమయం పడుతుంది, ఆగండి.

కొన్ని చోట్ల ‘ఎడిట్’ అని తప్ప మరేమీ వినిపించదు. ఫారం తయారుచేసినవారు గడికి పేరు జతచేయలేదు. బ్రౌజ్ మోడ్‌కు వచ్చి పై బాణం నొక్కితే దాని పేరు సాధారణంగా పై వరుసలో దొరుకుతుంది. ఊహించి మాత్రం నింపకండి. తండ్రి పేరు గడిలో తల్లి పేరు పడేది ఇలాగే.

నింపేది మనిషేనా అని పరీక్షించే క్యాప్చా బొమ్మ వస్తే ఆడియో బటన్ వెతకండి. అదీ లేకపోతే లోపం ఆ వెబ్‌సైటుదే. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పింది. ఆ మాట రాస్తూ సంబంధిత కార్యాలయానికి ఫిర్యాదు చేయండి. క్యాప్చా దాటే ఆ ఒక్క అడుగుకు ఎవరి సాయమైనా తీసుకోండి గాని, పాస్‌వర్డ్, ఓటీపీ మాత్రం మీరే టైపు చేయండి.

సబ్మిట్‌కు ముందు బ్రౌజ్ మోడ్‌లో కంట్రోల్, హోమ్ కలిపి నొక్కి పైకి వెళ్లి, కింది బాణంతో మళ్లీ అంతా వినండి. ప్రతి గడి పేరూ, అందులో మీరు రాసినదీ వరుసగా పలుకుతుంది. సబ్మిట్ చేశాక పేజీ కదలకపోతే ఇంగ్లీషు ‘E’ అక్షరంతో గడుల మీదుగా వెళ్లండి. ‘ఇన్వాలిడ్ ఎంట్రీ’ అని ఎక్కడ పలికితే తప్పు అక్కడ ఉంది. రసీదు నంబరు వచ్చినప్పుడు ఒక్కసారి విని వదలకండి. కుడి బాణంతో ఒక్కొక్క అంకె వినండి, షిఫ్ట్‌తో ఎంచి కాపీ చేసి, అదే నోట్‌ప్యాడ్ ఫైలులో తేదీతో సహా పెట్టండి.