తిరుపతి, చిత్తూరు దారుల్లో సిగ్నల్ లేకున్నా ట్యాబ్ దారి చూపాలంటే

భాకరాపేట దాటి తలకోన వైపు మళ్లాక సెల్ సిగ్నల్‌ను నమ్ముకోలేం. అయినా అక్కడ ట్యాబ్ దారి చూపగలదు. జీపీఎస్‌కు ఇంటర్నెట్ అక్కర్లేదు కాబట్టి. ఉపగ్రహాలు పంపే సంకేతాలను ట్యాబ్ అందుకుంటుంది, అంతే, తిరిగి ఏమీ పంపదు. ఇంటర్నెట్ కావాల్సింది మ్యాప్ దించుకోవడానికి, ట్రాఫిక్ చూడటానికి. మ్యాప్‌ను ఇంట్లో ఉండగానే దించుకుంటే సిమ్ లేని ట్యాబ్ కూడా పని చేస్తుంది. ఒకటే షరతు: అందులో జీపీఎస్ చిప్ ఉండాలి.

చాలామంది మోసపోయేది ఇక్కడే. వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లలో జీపీఎస్ ఉండదు. సిమ్ పెట్టే ఐప్యాడ్‌లలో ఉంటుంది, సిమ్ వేయకపోయినా పని చేస్తుంది. వైఫై ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో కొన్నిటికి ఉంటుంది, కొన్నిటికి ఉండదు. కొనేముందు వివరాల పట్టికలో జీపీఎస్, లేదా అలాంటివే అయిన గ్లోనాస్, గెలీలియో ఉపగ్రహ వ్యవస్థల పేర్లు ఉన్నాయేమో చూడండి. మ్యాప్‌లో మీరున్న చోటు చూపే నీలం చుక్క ఇంట్లో వైఫై మీద సరిగ్గా కనిపించిందని చిప్ ఉందనుకోకండి. చుట్టుపక్కల రూటర్లను బట్టి కూడా ట్యాబ్ చోటు అంచనా వేస్తుంది.

పరీక్ష ఇలా చేయండి. ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై ఆపి, లొకేషన్ ఆన్‌లో ఉంచి మిద్దెక్కండి. జీపీఎస్‌టెస్ట్ లాంటి యాప్ తెరిస్తే ఒక్కో ఉపగ్రహం సంకేతం ఎంత బలంగా ఉందో అంకెల్లో కనిపిస్తుంది. చోటు తేలాలంటే కనీసం 4 ఉపగ్రహాలు అందాలి. 30 పైన అంకె ఉన్నవి ఏడెనిమిది ఉంటే నిశ్చింతగా బయల్దేరొచ్చు. నెట్ లేనప్పుడు మొదటిసారి చుక్క పడటానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. ఉపగ్రహం తన కక్ష్య వివరాలను చాలా నెమ్మదిగా పంపుతుంది, మధ్యలో ఆకాశం మూసుకుపోతే మళ్లీ మొదటికొస్తుంది. అందుకే బండి కదలకముందే, ఆరుబయట, చుక్క పడేదాకా ఆగండి.

ఇక మ్యాప్. గూగుల్ మ్యాప్స్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి, ఆఫ్‌లైన్ మ్యాప్స్‌లోకి వెళ్లి, మీకు కావలసిన మ్యాప్‌ను ఎంచుకునే చోట నొక్కితే ఒక చతురస్రం వస్తుంది. దాన్ని తిరుపతి ఊరి వరకే బిగించకండి. పడమర కోలారు, తూర్పు చెన్నై, ఉత్తరాన రాజంపేట, దక్షిణాన వేలూరు కలిసేలా లాగండి. ఎంత జాగా పడుతుందో దించకముందే చూపిస్తుంది. మెమరీ కార్డు వేసిన ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో అయితే ఆఫ్‌లైన్ మ్యాప్స్ సెట్టింగులలో కార్డు మీదకు మార్చుకోవచ్చు. దించిన మ్యాప్‌కు గడువు ఉంటుంది, ఆ తేదీ దాని కిందే కనిపిస్తుంది. గడువు దాటిందేమో ప్రయాణం ముందురోజే చూసుకోండి.

నెట్ లేనప్పుడు గూగుల్ మ్యాప్స్ బండి దారి మాత్రమే చెబుతుంది. నడక దారి, బస్సు వేళలు, ట్రాఫిక్ ఉండవు. అందుకని ఆర్గానిక్ మ్యాప్స్ లేదా ఆస్మ్‌అండ్ యాప్ కూడా పెట్టుకోవడం మంచిది. రెండూ ఔత్సాహికులు కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడుస్తాయి, నడక దారులూ చూపిస్తాయి. వీటిలో మ్యాప్‌లు రాష్ట్రాలవారీగా ఉంటాయి. మన జిల్లాలకు ఇది ముఖ్యం: ఆంధ్రప్రదేశ్ ఒక్కటే దించుకుని చిత్తూరు నుంచి వేలూరు ఆసుపత్రికి బయల్దేరితే సగం దారిలో తెర ఖాళీ అయిపోతుంది. తమిళనాడు, కర్ణాటక కూడా దించుకోండి. పలమనేరు మీదుగా బెంగళూరు వెళ్లేవాళ్లకూ, నగరి మీదుగా చెన్నై వెళ్లేవాళ్లకూ ఇదే మాట.

ఊరి పేరు వెతికేటప్పుడు తొందరపడకండి. పుత్తూరు కర్ణాటకలోనూ ఉంది, చిత్తూరు పేరుతో కేరళ పాలక్కాడ్ జిల్లాలో ఇంకో ఊరుంది. కొత్తపల్లెలైతే చెప్పక్కర్లేదు. మండలం పేరు, దూరం రెండూ సరిచూశాకే బయల్దేరండి. ఎవరైనా అక్షాంశ రేఖాంశాలు పంపితే ఇంకా మేలు. మన దగ్గర చాలా చోట్ల మొదటి అంకె 13 చిల్లర, రెండోది 78 లేదా 79 చిల్లర ఉంటుంది. తిరుపతి ఇంచుమించు 13.63, 79.42. ఈ రెండూ తారుమారైతే పిన్ను ఉత్తర ధ్రువం దగ్గరి దీవుల మీద పడుతుంది. దశాంశ బిందువు తర్వాత 5 అంకెలుంటే మీటరు తేడాలో చోటు తెలుస్తుంది. రెండే ఉంటే కిలోమీటరు దాకా తప్పొచ్చు.

తిరుమల ఘాట్ సంగతి వేరు. 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు దిగడానికి, 1974 నాటి రెండోది ఎక్కడానికి. కొండ గోడలకు తగిలి సంకేతాలు ఆలస్యంగా చేరడంతో మలుపుల దగ్గర చుక్క పక్కకు జరుగుతుంది, ఒక్కోసారి యూటర్న్ తీసుకోమని గొంతు వినిపిస్తుంది. అది వినకండి. ఘాట్‌లో బోర్డులే ప్రమాణం, మలుపు దాటితే చుక్క తనంతట తానే సర్దుకుంటుంది. మొగిలి ఘాట్‌లోనూ ఇంతే.

మన ఎండలకు ట్యాబ్ తట్టుకోవడం కష్టం. ఐప్యాడ్ వాడకానికి ఆపిల్ చెప్పిన గరిష్ఠ ఉష్ణోగ్రత 35 డిగ్రీలు. మే నెలలో తిరుపతిలో బయటే 40 దాటుతుంది, అద్దం వెనక డాష్‌బోర్డు మీద ఇంకా ఎక్కువ. వేడెక్కితే ముందు తెర వెలుగు తగ్గుతుంది, తర్వాత చార్జింగ్ ఆగుతుంది, ఆపైన ట్యాబే ఆగిపోతుంది. ఏసీ గాలి తగిలే చోట బిగించి, మందపాటి కవరు తీసేయండి. కారులో ఉన్న మామూలు యూఎస్‌బీ రంధ్రం చాలా బళ్లలో ఇచ్చే కరెంటు తక్కువ. తెర పూర్తి వెలుగులో ఉంటే చార్జింగ్ పెట్టినా బ్యాటరీ దిగిపోతూనే ఉంటుంది. 12 వోల్టుల సాకెట్‌లో 18 వాట్లు లేదా అంతకు మించిన చార్జరు పెట్టి, మంచి కేబుల్ వాడండి.

బిగించేటప్పుడు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే చోటుకూ, డ్రైవరు చూపుకూ అడ్డం రాకూడదు. చూపు చెదరకుండా దారి చూసుకోవడానికి మాత్రమే ఫోను లాంటి పరికరం వాడొచ్చని 2020లో సవరించిన మోటారు వాహన నిబంధనలు చెబుతున్నాయి. నడుపుతూ ఊరి పేరు టైపు చేయడం దాని కిందకు రాదు. పది అంగుళాల ట్యాబ్ అయితే పక్క సీటులో ఉన్నవాళ్ల చేతిలో ఉండటమే మంచిదని మా అభిప్రాయం.

చుక్క కదలకుండా నిలిచిపోతే బ్యాటరీ సేవర్ చూడండి, మ్యాప్ యాప్‌ను దాని నుంచి మినహాయించండి. బాణం మాత్రం తప్పు దిక్కు చూపిస్తుంటే అయస్కాంతపు స్టాండు దిక్సూచిని చెడగొడుతున్నట్టు. బండి కదిలితే దిక్కు జీపీఎస్ నుంచే తెలుస్తుంది కాబట్టి సర్దుకుంటుంది, నడకలో మాత్రం ఇబ్బంది పెడుతుంది. చిప్ లేని ఆండ్రాయిడ్ ట్యాబ్ ఇప్పటికే మీ దగ్గరుంటే బ్లూటూత్ జీపీఎస్ రిసీవరు కొని, సెట్టింగులలోని డెవలపర్ ఆప్షన్స్‌లో మాక్ లొకేషన్ యాప్‌ను (రిసీవరు చెప్పే చోటును ట్యాబ్‌కు అందించే యాప్) ఎంచుకుని వాడుకోవచ్చు.

అడవిలో నడిచేవాళ్లు బయల్దేరిన చోటే ట్రాక్ రికార్డింగ్ (నడిచిన దారిని మ్యాప్ మీద గీతగా నమోదు చేయడం) మొదలుపెట్టండి, తిరిగి రావడానికి ఆ గీతే ఆధారం. మ్యాప్‌లో కాలిబాట కనిపించినంత మాత్రాన అక్కడికి వెళ్లొచ్చని కాదు. శేషాచలం, నాగలాపురం అడవుల్లోకి అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోండి.