లాడ్జీలో కష్టపడేవాళ్లను గుర్తించేదెట్లా

బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ నాడు, వైకుంఠ ఏకాదశికి, వేసవి సెలవుల్లో తిరుపతి లాడ్జీల్లో గది ఖాళీ అవుతూనే నిండిపోతుంది. ఆ రోజుల్లో లాడ్జీని నిలబెట్టేది దుప్పట్లు మార్చేవాళ్లు, బాత్రూములు కడిగేవాళ్లు, నీళ్ల మోటారు చూసుకునేవాళ్లు, రాత్రి వాచ్‌మన్. వీళ్ల పని సరిగ్గా జరిగినన్నాళ్లూ ఎవరి కంటా పడదు, తప్పు జరిగినప్పుడే పడుతుంది. అందుకే మెచ్చుకోలు రిసెప్షన్ దాటి లోపలికి రాదు.

తాళాల బోర్డు పక్కన ఒక నోటుపుస్తకం పెట్టండి. డ్యూటీ దిగే సూపర్‌వైజర్ అందులో మూడు సంగతులు రాయాలి: ఎవరు, ఏం చేశారు, దానివల్ల ఏ ఇబ్బంది తప్పింది. దిగిపోయే ప్రతి ఒక్కరినీ "ఈరోజు మీ పని ఎవరివల్ల తేలికైంది?" అని అడగండి. సూపర్‌వైజర్ చూడనివి అప్పుడే బయటికొస్తాయి.

రాసింది ఆ రోజే, లేదంటే మరుసటి డ్యూటీలో, వాళ్లకు చెప్పాలి. ఉత్త "బాగా చేశారు" చాలదు, ఏ పనో తెలియాలి. "అక్కా, 204లో గీజర్ కారతా ఉందని పొద్దున ఆరుకే చెప్పినారు. వచ్చినవాళ్లకు వేరే గది ఇచ్చేసినాం, గొడవ లేకపోయె." ఇట్లా చెబితే ఆమె రేపూ గీజర్ చూస్తుంది. అదే నోటితో "రేపు డబుల్ డ్యూటీ చేయండి" అని మాత్రం అనకండి. రెండుసార్లు అట్లా జరిగితే మెచ్చుకోగానే ఏదో పని అంటగడతారని భయపడతారు. యాత్రికులు తమిళంలోనో హిందీలోనో ఆన్‌లైన్‌లో రాసిన మంచిమాటలు తెలుగులో చదివి వినిపించండి.

నెలకొకరి ఫోటో గోడకు తగిలించే పద్ధతి తొందరగా చెడిపోతుంది. వంతులవారీగా అందరికీ ఇస్తే విలువ ఉండదు, యజమానికి ఇష్టమైనవాళ్లకిస్తే మనసులు విరుగుతాయి.

డబ్బు విషయంలో జాగ్రత్త. అర్హులైనవాళ్లకు కనీసం 8.33 శాతం బోనస్, ఓవర్‌టైమ్‌కు రెట్టింపు వేతనం చట్టం ఇచ్చిన హక్కులు. వాటినే బహుమానమని చెబితే ఉన్న నమ్మకం కూడా పోతుంది. బహుమానం 500 రూపాయలైనా సరే, జీతంలో కలపకుండా విడిగా కవరులో పెట్టి ఇవ్వండి. కలిపితే అడ్వాన్సు కోతల్లో మాయమవుతుంది.

రద్దీలో వారపు సెలవు వదులుకున్నవాళ్లకు బదులు సెలవు తేదీని రద్దీ మొదలయ్యే ముందే నోటుపుస్తకంలో రాసి, వాళ్ల చేత సంతకం పెట్టించండి. "తర్వాత చూద్దాం" అన్న సెలవు రాదని వాళ్లకు బాగా తెలుసు.