ట్యాంకు నిండగానే మోటారు ఆగాలి – మొదటి పాఠం: ముందు బకెట్టు

పొద్దున్నే మోటారు వేసి మర్చిపోతాం. మేడ మీంచి నీళ్లు ధారకట్టి వాకిలంతా మడుగయ్యాక పక్కింటావిడ "మీ ట్యాంకు పొంగుతోందండీ" అని కేకేస్తుంది. మా ఇంట్లో ఇది వారానికి రెండుసార్లు జరిగే భాగోతం. ఇంట్లో ఆటోమేషన్ అనగానే అందరూ లైట్లు, ఫ్యాన్ల వెంటపడతారు. నాలుగడుగులు వేసి స్విచ్చి నొక్కితే అయిపోయే పనికి అంత హడావుడి ఎందుకో నాకైతే తెలియదు. మనం ట్యాంకు సంగతి చూద్దాం. ముందు ఒక బకెట్టులో నీళ్ల మట్టం కొలవడం నేర్చుకుందాం.

ఒక్క షరతు: ఈ పాఠంలో మోటారు జోలికి పోం, 230 వోల్టుల వైరు ముట్టుకోం. షాపులో దొరికే నీలం రంగు చిన్న రిలే (బోర్డు చెబితే ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్చి) మీద 10 ఆంపియర్లని ఉంటుంది. ఒక హార్స్‌పవర్ మోటారు ఐదారు ఆంపియర్లే కదా, సరిపోతుందిలే అనిపిస్తుంది. కానీ స్టార్టయ్యే క్షణంలో మోటారు దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. రిలే లోపలి పాయింట్లు అతుక్కుపోయాయంటే ఇక మోటారు ఆగదు. ఆపడానికే కదా ఈ తంటా అంతా! అక్కడ కాంటాక్టర్ కావాలి, అంటే మోటార్లకి తట్టుకునే గట్టి రిలే. అది నాలుగో పాఠంలో.

ఇప్పుడు కావలసినవి కొన్నే. ఈఎస్‌పీ8266 చిప్పున్న నోడ్‌ఎంసీయూ బోర్డు (మన ప్రోగ్రామ్‌ని నడిపే చిన్న కంప్యూటర్ లాంటిది), హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్ (శబ్దంతో దూరం కొలిచేది), బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా వైర్లు గుచ్చే పలక), జంపర్ వైర్లు, 1 కిలో ఓమ్ రెసిస్టర్లు మూడు (గోధుమ, నలుపు, ఎరుపు గీతలవి). హైదరాబాద్‌లో అయితే కోఠీ గుజరాతీ గల్లీలో అన్నీ ఒకేచోట దొరుకుతాయి. యూఎస్‌బీ కేబుల్ మాత్రం చూసి తీసుకోండి. కొన్నిటిలో చార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలుండవు. అలాంటి కేబుల్‌తో బోర్డు చచ్చిందనుకుని నేనొక సాయంత్రమంతా తగలేశాను.

సెన్సర్‌కి నాలుగు కాళ్లు. వీసీసీని (సెన్సర్‌కి కరెంటు అందే కాలు) బోర్డు మీది విన్‌కి (కొన్ని బోర్డుల మీద వీయూ అని ఉంటుంది), గ్రౌండ్‌ని గ్రౌండ్‌కి, ట్రిగ్గర్‌ని డీ1కి కలపండి. ఎకోని (సెన్సర్ జవాబిచ్చే కాలు) మాత్రం నేరుగా కలపకండి. సెన్సర్ 5 వోల్టులు పంపుతుంది, మన చిప్పు 3.3 వోల్టులది. అందుకే ఎకో నుంచి ఒక రెసిస్టర్ మీదుగా డీ2కి రండి. డీ2 నుంచి మిగతా రెండూ ఒకదాని వెనక ఒకటిగా గ్రౌండ్‌కి వెళ్లాలి. మూడు సమానమైన మెట్లలో రెండు మెట్ల ఎత్తు అన్నమాట: 5లో మూడింట రెండొంతులు, 3.33. డీ3, డీ4, డీ8ల జోలికి వెళ్లొద్దు. బోర్డు లేచేటప్పుడు వాటినే చూసుకుంటుంది, అక్కడ తేడా వస్తే లేవదు.

ప్రోగ్రామ్ చేసే పని ఇంతే. ట్రిగ్గర్‌ని 10 మైక్రోసెకన్లు ఆన్‌లో ఉంచి ఆపేస్తుంది. సెన్సర్ మన చెవికి అందని 40 కిలోహెర్ట్జ్ కేక వేస్తుంది. అది నీళ్లకి తగిలి తిరిగొచ్చేదాకా ఎకో ఆన్‌లో ఉంటుంది. ఎన్ని మైక్రోసెకన్లు ఉందో చూసి 58తో భాగిస్తే సెంటీమీటర్లు. శబ్దం సెంటీమీటరు దూరం వెళ్లి రావడానికి పట్టే సమయం అదే.

ఇక బకెట్టు. వెడల్పు మూతిది తీసుకుని, మీద అడ్డంగా స్కేలు పెట్టి, సెన్సర్‌ని నడిమధ్యన కిందికి చూసేలా కట్టండి. అంచుకి జరిగితే నీళ్లకి బదులు బకెట్టు గోడ జవాబిస్తుంది. చెంబుడు నీళ్లు పోయండి. ప్రోగ్రామ్ చూపే సెంటీమీటర్ల అంకె 27, 19, 26 అంటూ గంతులేస్తుంది. కంగారొద్దు, అవి అలలు. ఐదు కొలతలు తీసుకుని, వరసలో పేర్చి, నడిమి దాన్ని ఉంచుకోమని ప్రోగ్రామ్‌కి చెప్పండి. సగటు వద్దు. ఒక్క పిచ్చి అంకె సగటు మొత్తాన్ని లాగేస్తుంది.

58 అన్నది 20 డిగ్రీల లెక్క. మన మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల్లో శబ్దం ఇంకాస్త వేగంగా వెళ్తుంది కాబట్టి 100 సెంటీమీటర్లని దాదాపు 97గా చూపిస్తుంది. ట్యాంకు విషయంలో ఆ మాత్రం తేడా పర్వాలేదు.

వచ్చే పాఠంలోగా మేడెక్కి రెండు కొలతలు రాసుకురండి: ట్యాంకు మూత నుంచి అడుగుకి ఎంత, మూత నుంచి నిండు నీటికి ఎంత. ట్యాంకులో తేమకి ఈ సెన్సర్ ఎక్కువ కాలం ఆగదు, నీళ్లకి తట్టుకునే రకం బిగించాలి. దానికేమో 20, 25 సెంటీమీటర్ల కన్నా దగ్గరివి కనిపించవు. మీ రెండో కొలత అంతకంటే తక్కువైతే మూత మీద చిన్న పైపు ముక్క నిలబెట్టి సెన్సర్‌ని పైకెత్తాలి. అది ఎలాగో చూద్దాం.