చిగుళ్ల డీప్ క్లీనింగ్‌కి వెళ్తున్నారా?

బ్రష్ చేస్తే రక్తం వస్తుంటే వేడి చేసిందనుకుని రెండేళ్లు మజ్జిగ తాగాను. అప్పటికే పంటికీ చిగురుకీ మధ్య లోతు 6 మిల్లీమీటర్లయింది. 3 దాకా ఫర్వాలేదు. మీరూ ఆ కొలతలు అడిగి రాయించుకోండి, తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తాయి.

షుగర్ ఉన్నా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా ముందే చెప్పండి. మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు. ఏదైనా తినేసి వెళ్లండి.

మామూలు క్లీనింగ్‌లో పైనున్న గార పోతుంది. డీప్ క్లీనింగ్‌లో మత్తిచ్చి, చిగురు కింద వేరు మీద పేరుకున్నది కూడా గీకి నున్నగా చేస్తారు. నాకు ఒక రోజు కుడివైపు, వారం తర్వాత ఎడమవైపు చేశారు. నొప్పి లేదు కానీ ఆ గీకుడు చప్పుడుకే టెన్షన్.

మత్తు దిగకముందే దిల్‌సుఖ్‌నగర్‌లో ఇరానీ చాయ్ తాగి పెదవి కాల్చుకున్నాను. రెండు మూడు గంటలు ఆగండి. కొన్ని రోజులు చల్లటి నీళ్లకు పళ్లు జివ్వుమంటాయి. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించండి, మిర్చి బజ్జీ జోలికి పోకండి. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ ఇస్తే చెప్పినన్ని రోజులే వాడాలి, ఎక్కువైతే పళ్లకు మరకలు పడతాయి.

"క్లీనింగ్ చేయించి పళ్లు ఎడం చేసుకున్నావు" అంది మా వదిన. వాపు తగ్గి, గార పోయాక అసలు సందులు బయటపడ్డాయంతే. వాటికి సందుల్లో దూరే చిన్న బ్రష్ కొనుక్కున్నాను.

ఆరు వారాలకు మళ్లీ కొలిస్తే 4 వచ్చింది. ఇక మూడు నెలలకోసారి రమ్మన్నారు.