ఎపిస్కోపల్ పారిష్‌లో పర్యావరణ పని: ఎవరిని అడగాలి, ఎక్కడ మొదలుపెట్టాలి

అమెరికాలోని ఎపిస్కోపల్ చర్చి (ఆంగ్లికన్ కుటుంబానికి చెందినది) పారిష్‌లో, అంటే స్థానిక సంఘంలో, పర్యావరణం కోసం ఏదైనా చేద్దామనుకునేవాళ్లు మొట్టమొదట ఒక కమిటీ వేస్తారు. దానికి పేరు పెడతారు, బులెటిన్‌లో ప్రకటిస్తారు, మూడో నెలకల్లా సమావేశానికి ముగ్గురే మిగులుతారు. కమిటీ తర్వాత వేసుకోవచ్చు. ఆ సంఘంలో ఏ నిర్ణయం ఎవరి చేతిలో ఉందో ముందు తెలుసుకోవాలి.

డబ్బు, భవనం, స్థలం వెస్ట్రీ (సంఘస్థులు ఎన్నుకునే పాలక మండలి) బాధ్యత. ఆరాధన రెక్టర్‌ది, అంటే పారిష్ ప్రధాన పాస్టరుది. భవనాన్ని ఎప్పుడు దేనికి వాడుకోవాలన్నా రెక్టర్ మాటే. సీఎస్ఐ సంఘాల్లో పెరిగినవాళ్లకు వెస్ట్రీ అంటే పాస్టరేట్ కమిటీ లాంటిదంటే చాలావరకు అర్థమవుతుంది. తేడా ఏమిటంటే, ఇక్కడ రెక్టర్‌ను బిషప్ బదిలీ మీద పంపరు, వెస్ట్రీయే వెతికి పిలుచుకుంటుంది. అందుకే వెస్ట్రీకి, రెక్టర్‌కు మధ్య గీత ఎక్కడుందో తెలియకుండా పని మొదలుపెడితే ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. గుర్తు పెట్టుకోవడానికి సులువైన లెక్క ఒకటుంది. ఆదివారం ఆరాధనలో కనిపించేదీ వినిపించేదీ మార్చాలంటే రెక్టర్‌ను అడగండి. ఖర్చయ్యేదానికీ, గోడకు రంధ్రం పడేదానికీ వెస్ట్రీ ఓటు కావాలి. వెస్ట్రీలో ముఖ్య బాధ్యులైన ఇద్దరు వార్డెన్లలో భవనం సంగతులు చాలా పారిష్‌లలో జూనియర్ వార్డెన్ చూస్తారు. థర్మోస్టాట్, బాయిలర్, కరెంటు బిల్లు, ఇవన్నీ అక్కడే తేలతాయి.

అడిగే వేళ కూడా ముఖ్యమే. చాలా పారిష్‌లలో వచ్చే ఏడాది బడ్జెట్ శరదృతువులో తయారవుతుంది, వార్షిక సమావేశం జనవరి ప్రాంతంలో జరుగుతుంది. ఫిబ్రవరిలో డబ్బు అడిగితే “వచ్చే ఏడు చూద్దాం” అంటారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. సెప్టెంబరు 1 నుంచి పరిశుద్ధ ఫ్రాన్సిస్ పండుగైన అక్టోబరు 4 దాకా సృష్టి కాలంగా (సృష్టి సంరక్షణ కోసం ప్రార్థించే కాలం) పాటించే సంఘాలు చాలా ఉన్నాయి. ప్రసంగాల్లో ఆ మాట వినిపిస్తున్నప్పుడే వెస్ట్రీ ముందు కాగితం పెట్టడం మంచిది. ఆ కాగితం ఒక్క పేజీ దాటకూడదు. ఏం కొనాలి, ఎంతవుతుంది, ఏ పద్దులోంచి, పని ఎవరు చేస్తారు, ఫలితం ఏ నెలలో చెబుతారు. ఈ అయిదూ ఉంటే తీర్మానం పది నిమిషాల్లో అయిపోతుంది. “పర్యావరణ స్పృహ పెంచడానికి” అని రాస్తే గంటసేపు చర్చ నడిచి వాయిదా పడుతుంది.

కాఫీ అవర్

ఆరాధన అయ్యాక అందరూ కలిసి కాఫీ తాగే వేళ ఇది. మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. ప్రతి ఆదివారం జరుగుతుంది, అందరికీ కనిపిస్తుంది, ఖర్చు తక్కువ. పారేసే కప్పుల బదులు పింగాణీ మగ్గులు తేవడమే మొదటి అడుగు. ఎన్ని కావాలో ఊహించవద్దు. వరసగా నాలుగు ఆదివారాలు కాఫీకి ఆగినవాళ్లను లెక్కపెట్టి, అన్నిటికన్నా పెద్ద అంకెకు 20 శాతం కలపండి. కొత్తవి కొనేముందు సంఘస్థుల ఇళ్ల అలమారాల్లో మూలన పడున్న మగ్గులు అడగండి. రంగురంగులుగా ఉన్నా ఫరవాలేదు గాని, ఒకదానిమీద ఒకటి నిలబడని ఆకారాలు మాత్రం వద్దు. అవి అర చాలక మూడు నెలల్లో పెట్టెల్లోకి వెళ్లిపోతాయి.

“కంపోస్టబుల్” అని రాసున్న కప్పులు కొని పని అయిపోయిందనుకోవడం తరచూ జరిగేదే. పీఎల్ఏ (మొక్కల పిండిపదార్థంతో చేసే ప్లాస్టిక్) పూత ఉన్నవి పెరటి కుప్పలో కుళ్లవు, పారిశ్రామిక కంపోస్టు కేంద్రంలోని వేడి కావాలి. మీ ఊళ్లో చెత్త తీసుకెళ్లేవాళ్లు వాటిని ఒప్పుకుంటారో లేదో కనుక్కోకుండా కొంటే అవి మామూలు చెత్తలోకే పోతాయి.

అసలు చిక్కు మగ్గులతో కాదు, కడగడంతో వస్తుంది. డిష్‌వాషర్ లేకపోతే మూడు తొట్లు పెట్టుకోవాలి. మొదటిదాంట్లో సబ్బు నీళ్లు, రెండోదాంట్లో మంచి నీళ్లు, మూడోదాంట్లో క్రిమిసంహారం. మూడో తొట్టిలో గ్యాలను నీటికి వాసన లేని బ్లీచ్ ఒక టీస్పూను చాలు. క్లోరిన్ 50 నుంచి 100 పీపీఎం (పది లక్షల్లో వంతులు) మధ్య ఉందో లేదో క్లోరిన్ పరీక్ష పట్టీతో చూడండి. వేడినీళ్లలో బ్లీచ్ కలిపితే దాని బలం పోతుంది, గోరువెచ్చగా ఉంటే మంచిది. ఒక నిమిషం ముంచి, తీసి, జాలీమీద బోర్లించండి. గుడ్డతో తుడిస్తే ఆ గుడ్డ మీదున్నదంతా మళ్లీ కప్పుకు అంటుకుంటుంది. యాభై మందికి ఇద్దరు మనుషులు, నలభై నిమిషాలు. ఈ ఇద్దరినీ కాఫీ కాచేవాళ్లలోంచి తీసుకోవద్దు. పొద్దున్నే వచ్చినవాళ్లనే చివరిదాకా ఉంచితే రెండో నెలలో కాగితం కప్పులు చప్పుడు లేకుండా తిరిగొస్తాయి.

కాఫీ కూడా ఎక్కువే పారబోస్తారు. యాభై మందికి పది లీటర్లు, లీటరుకు 50 గ్రాముల పొడి, అంటే అరకిలో. ఎంత మిగిలిందో ప్రతివారం కాగితం మీద రాస్తే నెల తిరిగేసరికి అసలు కొలత తెలుస్తుంది. కాచిన పొడి, కాగితం ఫిల్టర్ రెండూ కంపోస్టులో వేయొచ్చు. ఒక వంతు పచ్చి చెత్తకు రెండుమూడు వంతుల ఎండుటాకులు వేయండి, కుప్ప అన్నివైపులా కనీసం మూడడుగులుండాలి. వాసన వస్తోందంటే ఎండు సరుకు తక్కువైందన్నమాట. చీజ్, మాంసం పడితే ఎలుకలు వస్తాయి, ఆపైన కంపోస్టు మాట ఎత్తితే జూనియర్ వార్డెన్ ఒప్పుకోరు.

వేడి, వెలుతురు

వారంలో ఎక్కువ గంటలు మందిరం ఖాళీగానే ఉంటుంది. పొదుపులో పెద్ద వాటా ఇక్కడే. ముందు 24 నెలల గ్యాస్, కరెంటు బిల్లులు ట్రెజరర్ దగ్గర తీసుకుని అమెరికా ప్రభుత్వపు ఇంధన పొదుపు కార్యక్రమమైన ఎనర్జీ స్టార్ వారి ఆన్‌లైన్ సాధనం, పోర్ట్‌ఫోలియో మేనేజర్‌లో ఎక్కించండి. ఉచితం, ప్రార్థనా మందిరాలకు ప్రత్యేక వర్గం ఉంది, చలి ఎక్కువైన ఏడాదినీ తక్కువైన ఏడాదినీ సరిచేసి పోల్చిచూపుతుంది. ఇది లేకుండా థర్మోస్టాట్ మారిస్తే, తర్వాతి చలికాలం కఠినంగా వచ్చినప్పుడు “మీ పని వల్ల ఏం మిగల్లేదు” అంటారు, చూపించడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.

కరెంటు బిల్లులో డిమాండ్ చార్జీ అనే గీత ఉందేమో చూడండి. వాణిజ్య టారిఫ్‌లో ఉన్న చర్చిలకు ఇది తరచూ పడుతుంది. నెల మొత్తంలో అత్యధికంగా వాడిన ఏదో ఒక పదిహేను నిమిషాల లెక్క మీద ఈ చార్జీ వేస్తారు. ఆదివారం పొద్దున ఏసీ, ఓవెన్, కాఫీ పాత్రలు, డిష్‌వాషర్ ఒక్కసారే నడిస్తే ఆ పావుగంటకు నెలంతా కడతారు. ఏసీని తెల్లవారుజామునే వేసి, ఓవెన్‌ను ఆరాధన మొదలయ్యేలోపు ఆపితే పైసా ఖర్చు లేకుండా ఆ గీత కిందికి దిగుతుంది.

చలికాలంలో ఖాళీగా ఉన్నప్పుడు 55 డిగ్రీల ఫారెన్‌హీట్ (దాదాపు 13 సెల్సియస్) దగ్గర మొదలుపెట్టండి. అంతకన్నా దించేముందు బయటి గోడలో నీళ్ల పైపున్న చోట, సింకు కింద, ఒక థర్మామీటర్ పెట్టి చూడాలి. థర్మోస్టాట్ 55 చూపిస్తున్నా ఆ మూల గడ్డకట్టే చలి ఉండొచ్చు. ఆరాధనకు ఎంత ముందు వేడి మొదలుపెట్టాలో మూడు ఆదివారాలు అరగంటకొకసారి రాసుకుంటే తేలుతుంది.

పైప్ ఆర్గన్ ఉంటే ముందు ఆర్గనిస్టుతో మాట్లాడండి. గాలి వేడెక్కితే ఈలలా మోగే ఫ్లూ పైపుల శ్రుతి పైకి పోతుంది, లోహపు నాలుక అదిరి మోగే రీడ్ పైపులది అంతగా కదలదు, రెంటికీ పొంతన కుదరదు. ట్యూనర్ వచ్చిన రోజు మందిరం ఆదివారం ఉండే ఉష్ణోగ్రతలోనే ఉండాలి. వేడిని ఒక్కసారిగా ఎక్కించి గాలిని ఎండగొడితే చెక్క, తోలు భాగాలు పగులుతాయి. ఆ మరమ్మతు ఖర్చు ముందు గ్యాస్‌లో మిగిలింది ఏ మూలకూ రాదు.

ఇంత చేశాక పనిని పాడుచేసేది థర్మోస్టాట్ మీది ఒకే ఒక్క మీట, “హోల్డ్”. నొక్కితే సమయపట్టిక ఆగి అదే వేడి నిలిచిపోతుంది. బుధవారం క్వయర్ ప్రాక్టీసుకు ఎవరో చలేసి నొక్కుతారు, ఆదివారం దాకా ఖాళీ మందిరం 70లో కాగుతూ ఉంటుంది. తాళం పెట్టె బిగిస్తే కోపాలు వస్తాయి. రెండు గంటల తర్వాత దానంతటదే పాత సమయపట్టికకు తిరిగే మోడల్ పెట్టి, పక్కన రెండు వాక్యాల కార్డు అంటించండి.

ఎల్ఈడీ దీపాలకు 2700 నుంచి 3000 కెల్విన్ (పసుపు ఛాయ వెలుగు), రంగు చూపే సూచిక (సీఆర్ఐ) 90 పైన ఉండాలి. డిమ్మర్‌తో మినుకుతుందేమో ఒక్క దీపం కొని రెండు వారాలు చూశాకే మిగతావి కొనండి. ఎత్తైన కప్పుకు లిఫ్ట్ అద్దెకు తెచ్చిన రోజున అన్నీ ఒకేసారి మార్చాలి. రంగుటద్దాల కిటికీల బయట రక్షణ అద్దం ఉంటే దానికి గాలి కంతలు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే మధ్యలో వేడి, తేమ చిక్కుకుని సీసం పట్టీలు వంగిపోతాయి.

సౌర పలకల విషయంలో రెండే మాటలు. పైకప్పుకు ఇరవై ఏళ్ల ఆయుష్షు మిగలకపోతే ముందు పైకప్పు. లీజు, తనఖా లాంటివి ఆస్తిని కట్టిపడేసే పక్షంలో బిషప్, డయోసిస్ (బిషప్ పరిధి) స్టాండింగ్ కమిటీల లిఖితపూర్వక అనుమతి లేకుండా వెస్ట్రీ సంతకం చేయకూడదు, కాబట్టి కాంట్రాక్టు ముసాయిదాను ముందే డయోసిస్‌కు పంపాలి. సలహా కావాలంటే, మత సంఘాలతో వాతావరణ మార్పు మీద పనిచేసే ఇంటర్‌ఫెయిత్ పవర్ అండ్ లైట్ సంస్థకు చాలా రాష్ట్రాల్లో శాఖలున్నాయి. 1998లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎపిస్కోపల్ పవర్ అండ్ లైట్‌గా పుట్టిందే అది.

ఆల్టర్ గిల్డ్

ఆరాధనకు బల్లను, పాత్రలను, పూలను సిద్ధం చేసే సేవకుల బృందం ఇది. వీళ్లకు చెప్పేముందు వీళ్ల దగ్గర నేర్చుకోవాలి. ప్రభు భోజనపు పాత్రలు తుడిచిన గుడ్డల తొలి కడుగు నీళ్లు కాలువలోకి పోకుండా నేలలో పోయడం వీళ్లకు తరాల అలవాటు. మార్చమని అడగదగ్గది పూల నురుగు ముక్క. తడి పీల్చే ఆ ఆకుపచ్చ ఇటుక ప్లాస్టిక్కే, పొడై నీళ్లలో కలుస్తుంది. బదులుగా కోళ్లగూటికి వాడే తీగ జాలీని ఉండగా చుట్టి పాత్రలో కూరితే కాడలు నిలబడతాయి, మళ్లీమళ్లీ వాడొచ్చు. పెద్ద అలంకరణకు ఇది కుదరదని మొదట అంటారు, ఈస్టరుకు కాకుండా మామూలు ఆదివారం ప్రయత్నించమనండి.

మట్టల ఆదివారానికి నిరుటి హాజరు చూసి మట్టలు తెప్పించండి. మిగిలినవి ఎండబెట్టి, నుదుట బూడిద పెట్టే భస్మ బుధవారానికి కాల్చుకోవచ్చు. ఆ బూడిదలో నీళ్లు మాత్రం కలపవద్దు, క్షారమై నుదురు మంటపుడుతుంది. చుక్క నూనె చాలు.

మనుషులు

“ఎవరైనా వాలంటీర్లు కావాలి” అని బులెటిన్‌లో వేస్తే ఎప్పుడూ వచ్చేవాళ్లే వస్తారు. ఎదురుగా నిలబడి పేరుపెట్టి అడగాలి, అడిగేటప్పుడు పని, గంటలు, ముగింపు తేదీ మూడూ చెప్పాలి. “అక్టోబరు, నవంబరుల్లో రెండో ఆదివారం, పదకొండున్నర నుంచి పన్నెండుంబావు దాకా మగ్గులు కడగడం, మీకు తోడుగా ఇంకొకరు ఉంటారు.” ముగింపు తేదీ చెప్పని పనికి జనం జంకుతారు, ఒప్పుకున్నవాళ్లు మానేయలేక చర్చికే రావడం తగ్గిస్తారు. పిల్లలతో తోటపని పెడితే పెద్దలు డయోసిస్ అడిగే సేఫ్ చర్చ్ శిక్షణ (పిల్లల భద్రత గురించినది), నేపథ్య పరిశీలన ముందే పూర్తిచేయాలి. దీనికి వారాలు పడుతుంది, పంటల కోసం ప్రార్థించే వసంతకాలపు రొగేషన్ దినాలకు విత్తనాలు నాటాలంటే చలికాలంలోనే మొదలెట్టండి.

నాయకత్వంలో ఎక్కువగా జరిగే నష్టం, ఉత్సాహమున్న ఒక్కరే అన్నీ నెత్తినేసుకోవడం. వాళ్లు ఊరు మారిన నెలలోనే కంపోస్టు కుప్ప ఆగిపోతుంది. నడిపేవారి గడువు మూడేళ్లకు మించనివ్వకండి, రెండో ఏడు మొదట్లోనే పక్కన ఇంకొకరిని నిలబెట్టండి. వెస్ట్రీ సభ్యుల్లో ఒకరు ఈ పనికి సంధానకర్తగా ఉంటే ప్రతి చిన్న అనుమతికీ నెలవారీ సమావేశం కోసం కాచుకోనక్కర్లేదు.

పని చేసే పద్ధతిని పని జరిగే చోటే రాసిపెట్టండి. బ్లీచ్ కొలత సింకు పైన తలుపు లోపల, కంపోస్టు పాళ్లు డబ్బా మూతమీద, థర్మోస్టాట్ కార్డు థర్మోస్టాట్ పక్కన. తాళాలు ఎవరి దగ్గరున్నాయో జాబితా ఆఫీసులో ఒకటి, జూనియర్ వార్డెన్ దగ్గర ఒకటి. వార్షిక సమావేశపు నివేదికలో నాలుగు అంకెలు చాలు. కొనకుండా మిగిలిన కప్పులు, గ్యాస్ థెర్మ్‌లు (బిల్లులో గ్యాస్ కొలత), కరెంటు యూనిట్లు, కొత్తగా పనిలోకి వచ్చిన మనుషులు. నిరుటి అంకె పక్కనే వేయండి, ఏదైనా పెరిగితే ఎందుకు పెరిగిందో ఒక వాక్యంలో అక్కడే రాయండి.