పినా కొలాడా: కొబ్బరి విరగకుండా, ఐసు నీళ్లవకుండా

పినా కొలాడా అనే ఈ రమ్ము కాక్‌టెయిల్‌లో పడేవి తక్కువే. రమ్ము, అనాసపండు, కొబ్బరి, ఐసు, కాస్త నిమ్మరసం. పుట్టిల్లు కరీబియన్ సముద్రంలోని ప్యూర్టో రికో. రాజధాని సాన్ హువాన్‌లో ఉన్న కరీబె హిల్టన్ హోటల్, 1954లో తమ బార్‌లోనే దీన్ని మొదట కలిపారని చెప్పుకుంటుంది. 1978లో ఆ ద్వీపం దీన్ని తన అధికారిక పానీయంగా ప్రకటించుకుంది. అక్కడ డబ్బాలో వచ్చే తియ్యటి కొబ్బరి క్రీము వాడతారు. ఆ డబ్బా కోసం నెల్లూరు ట్రంకు రోడ్డంతా తిరగాల్సిన పనిలేదు. ముదురు కొబ్బరికాయ, మిక్సీ, ఫ్రిజ్ ఉన్న ఇంట్లో అంతకంటే రుచైన క్రీము తయారవుతుంది.

చాలామంది రమ్ము ఏ బ్రాండు తేవాలన్న దగ్గరే ఆగిపోతారు. ఈ గ్లాసు చెడేది అక్కడ కాదు, కొబ్బరి దగ్గర, చల్లదనం దగ్గర. ఆ రెండింటి పని ముందురోజే మొదలుపెట్టాలి. సాయంత్రం చుట్టాలు గడపలోకి వచ్చాక కొబ్బరికాయ కొడితే కుదరదు.

కొబ్బరి క్రీము

ఊపితే నీళ్లు గలగలమనే ముదురుకాయ తీసుకోండి. లేతకాయలో నీళ్లెక్కువ, కొవ్వు తక్కువ, క్రీము చిక్కబడదు. కోరాముతో కోరితే తెల్లటి కోరే వస్తుంది. ముక్కలు చేసి మిక్సీలో వేసేవాళ్లు మాత్రం వెనకున్న గోధుమరంగు పొట్టు చెక్కేయాలి, లేకపోతే క్రీము మట్టిరంగుకు తిరుగుతుంది. ఒక మోస్తరు కాయకు సుమారు 250 గ్రాముల కోరు వస్తుంది. అందులో 150 మి.లీ. గోరువెచ్చని నీళ్లు పోసి నిమిషం పాటు రుబ్బి, ఐదు నిమిషాలు అలా వదిలేసి, పల్చటి నూలుగుడ్డలో గట్టిగా పిండండి. నీళ్లు గోరువెచ్చగానే ఎందుకంటే, చల్లనీళ్లతో కొవ్వు పిప్పిలోనే ఉండిపోతుంది. ఈ మొదటిపాలే మనకు పనికొచ్చేవి. రెండోసారి నీళ్లు పోసి తీసిన పాలు కొబ్బరన్నానికి పోతాయి.

మొదటిపాలను పొడుగాటి గ్లాసులో పోసి ఫ్రిజ్‌లో మూడు నాలుగు గంటలు కదపకుండా ఉంచితే చిక్కటిది పైకి తేలి, పల్చటి నీరు అడుగున మిగులుతుంది. పైది 150 మి.లీ. గరిటెతో తీసి గిన్నెలో వేసి, 120 గ్రాముల పంచదార, చిటికెడు ఉప్పు కలపండి. ఉప్పు మానేయొద్దు, అది లేకపోతే తీపి చప్పిడిగా ఉంటుంది. ఇప్పుడు ఆ గిన్నెను వేడినీళ్లున్న ఇంకో గిన్నెలో పెట్టి పంచదార కరిగేదాకా తిప్పండి. నేరుగా స్టవ్ మీద పెడితే కాస్త ఆదమరిచేలోగా మరుగుతుంది. మరిగితే కొవ్వును పట్టి ఉంచిన మాంసకృత్తులు గడ్డకట్టి, నూనె విడిగా తేలిపోతుంది. వేలు పెడితే ఓర్చుకోగలిగే వేడి చాలు. దించి చల్లారాక మిక్సీలో అరనిమిషం తిప్పండి. సుమారు 225 మి.లీ. క్రీము వస్తుంది, గ్లాసుకు 45 చొప్పున ఐదు గ్లాసులకు సరిపోతుంది. ఫ్రిజ్‌లో మూడు రోజులుంటుంది.

తీరిక లేకపోతే దుకాణంలో దొరికే 200 మి.లీ. కొబ్బరిపాల ప్యాకెట్‌కు 150 గ్రాముల పంచదార కలిపి ఇదే పద్ధతిలో కరిగించండి. చిక్కగా ఉంచడానికి వాళ్లు కలిపేవేవో అందులో ఉంటాయి గనక తొందరగా విరగదు. వాసన మాత్రం ఇంటిపాలకు సాటిరాదు.

ఇంకో సంగతి. కొబ్బరి కొవ్వు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మన ఎండల్లో కొబ్బరినూనె సీసా ఎప్పుడూ నీళ్లలా కదులుతుంటుంది కాబట్టి ఇది మనకు తట్టదు. ఫ్రిజ్‌లోంచి తీసిన క్రీము వెన్నలా బిగుసుకుని ఉంటుంది. దాన్ని అలాగే ఐసు మీద వేసి తిప్పారంటే మైనం పలుకుల్లా విడిపోయి గ్లాసు గోడలకు అంటుకుంటుంది, నాలుక మీద గీరుకుంటుంది. అరగంట ముందు బయటపెట్టి, ముందు పండుతో కలిపి తిప్పి, ఆ తర్వాతే ఐసు వేయాలి.

పండూ, నిమ్మకాయా

అనాసపండు కోశాక ఇంకా తియ్యబడదు. అరటికాయలా ఇంట్లో మాగబెడితే పండుతుందనుకోవద్దు, రంగు మారుతుందేమో గానీ తీపి పెరగదు. అడుగుభాగం ముక్కు దగ్గర పెట్టుకుంటే తియ్యటి వాసన రావాలి, చేతికి బరువుగా ఉండాలి. పుల్లటి కల్లు వాసన కొడితే అప్పటికే పులిసిపోతున్నట్టు. పైచెక్కు, కళ్లు, నడిమి గట్టి కాడ తీసేసి అంగుళం కంటే చిన్న ముక్కలు చేయండి. సగం ముక్కల్ని పళ్లెంలో విడివిడిగా పరిచి డీప్ ఫ్రీజర్‌లో రాత్రంతా ఉంచండి. మిగతా సగం మిక్సీలో వేసి వడకట్టి రసం తీయండి.

ఈ గడ్డకట్టిన ముక్కలే అసలు కిటుకు. ఐసు కరిగితే నీళ్లు, పండు కరిగితే రసం. అచ్చంగా ఐసుతోనే చేసిన గ్లాసు మే నెలలో పది నిమిషాలకే పలచబడి, పైన నురగ, కింద నీళ్లుగా విడిపోతుంది. సగం ఐసు స్థానంలో పండు పడితే చివరి గుక్క దాకా చిక్కదనం నిలుస్తుంది.

కొబ్బరి పిండే ఓపిక లేక పాలో, వెనిలా ఐస్‌క్రీమో వేద్దామనుకునేవాళ్లు ఒక్క క్షణం ఆగండి. ఉడికించని అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది పాలలోని మాంసకృత్తుల్ని విరగ్గొట్టి కాసేపట్లోనే చేదు తెస్తుంది. ఐస్‌క్రీమే కావాలంటే పండుముక్కల్ని ఐదు నిమిషాలు ఉడికించి చల్లార్చి వాడండి, వేడికి ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. డబ్బాలో వచ్చే అనాసతో ఈ బెడద ఉండదు, దాన్ని ముందే వేడిచేసి ఉంటారు.

నిమ్మకాయ సంగతి నెల్లూరు వైపువాళ్లకు చెప్పనక్కర్లేదు. గూడూరు, పొదలకూరు మార్కెట్ల నుంచి దేశమంతటికీ పోయే కాయే మన వంటింట్లోనూ ఉంది. పలచటి తోలు, నున్నటి ఒళ్లు ఉన్నది తీసుకుని, గింజలు తీసి, చేత్తో మెత్తగా పిండండి. గరుకు పిండుడులో తోలు కూడా నలిగితే చేదు దిగుతుంది. గ్లాసుకు 10 మి.లీ., అంటే మోస్తరు కాయలో సగం పైచిలుకు. పండు మరీ తియ్యగా ఉంటే 15 దాకా పోవచ్చు. పాత పద్ధతిలో నిమ్మ వేయనివాళ్లూ ఉన్నారు. నిమ్మ లేని పినా కొలాడా రెండు గుక్కలకే మొహం మొత్తుతుంది. ఇంత మంచి కాయ చేతిలో ఉండగా మానడానికి కారణం కనబడదు.

రమ్ము

వైట్ రమ్ము వేస్తే రంగు తెల్లగా, రుచి శుభ్రంగా వస్తుంది. మన షాపుల్లో తేలిగ్గా దొరికే డార్క్ రమ్ములో వెనిలా, మాడిన పంచదార వాసన ఉంటుంది, కొబ్బరికి అది బాగానే నప్పుతుంది. గ్లాసు మాత్రం పాలు ఎక్కువైన టీ రంగులో కనబడుతుంది. రెండూ ఉంటే గ్లాసుకు వైట్ 45 మి.లీ. మిక్సీలో కలిపి, డార్క్ 15 మి.లీ. పైపొరగా పోయడం అన్నిటికన్నా మేలు. ఐదుగురికి వైట్ ఆఫ్ బాటిల్ ఒకటి, డార్క్ క్వార్టర్ ఒకటి తెస్తే ఇంకా మిగులుతుంది. సీలు చెదరని, హోలోగ్రామ్ ఉన్న సీసానే కొనండి. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండినవాళ్లకే మద్యం అమ్మాలన్నది చట్టం, ఇంట్లో పోసేటప్పుడూ అదే లెక్క.

"ఇంకో పెగ్గు పొయ్యి, ఏమైతది" అనే బావగారు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. అయ్యేది ఏమిటంటే, ఆల్కహాల్ ఎక్కువయ్యేకొద్దీ ఐసు గడ్డగా నిలవదు, గుజ్జు పలచటి రసంలా జారిపోతుంది. 60 మి.లీ. దాటనివ్వొద్దు.

ఐసు

కాచి చల్లార్చిన నీళ్లో, క్యాన్ నీళ్లో ముందురోజే ట్రేలలో పోసి పెట్టండి. గ్లాసుకు ఐదారు ముక్కలు, అంటే సుమారు 100 గ్రాములు లెక్కేసుకుని, దానికి రెట్టింపు చేసి ఉంచుకోండి. కృష్ణపట్నం వైపో, కొత్తపట్నం వైపో చేపలకు వాడే ఫ్యాక్టరీ ఐసు దిమ్మ చవగ్గా వస్తుందని గ్లాసుల్లో వేయకండి. అది తాగేందుకు చేసింది కాదు. సీసాల చుట్టూ బకెట్‌లో వేసి చల్లబరచుకోవడానికైతే భేషుగ్గా పనికొస్తుంది.

ఫ్రీజర్‌లో చేపలో, రొయ్యలో ఉంటే ట్రేకి మూత వేయండి. ఐసు వాసన పీలుస్తుంది.

కలిపే వరస

ఒక గ్లాసుకు కొలతలు: గడ్డకట్టిన అనాస ముక్కలు 100 గ్రా., అనాసరసం 60 మి.లీ., కొబ్బరి క్రీము 45 మి.లీ., వైట్ రమ్ము 45 మి.లీ., నిమ్మరసం 10 మి.లీ., ఐసు 100 గ్రా., పైన పోయడానికి డార్క్ రమ్ము 15 మి.లీ. పెగ్ మెజర్ లేకపోతే దగ్గుమందు సీసా మూత కడిగి వాడండి, దాని మీద 5, 10 గీతలు ఉంటాయి. గ్లాసుల్ని అరగంట ముందే ఫ్రీజర్‌లో పెట్టండి, రమ్మూ రసమూ ఫ్రిజ్‌లో ఉండాలి. వేడిగా ఉన్న ప్రతి వస్తువూ ఐసును తింటుంది.

మిక్సీకి జ్యూస్ జార్ వాడండి. పచ్చడి జార్ ఎంత తోమినా మూత రబ్బరులో వెల్లుల్లి వాసన దాగి ఉంటుంది, కొబ్బరి దాన్ని ఇట్టే పట్టేస్తుంది. ముందు అనాసరసం, క్రీము వేసి పది సెకన్లు తిప్పండి. తర్వాత వైట్ రమ్ము, గడ్డకట్టిన పండు వేసి ఇంకో పది సెకన్లు. ఐసును గుడ్డలో మూటగట్టి అప్పడాల కర్రతో చితక్కొట్టి వేయాలి. గడ్డలు గడ్డలుగా వేస్తే బ్లేడు మొద్దుబారుతుంది, పెద్ద ముక్కలు అడుగున అలాగే ఉంటాయి. నిమ్మరసం ఆఖర్న. మొదట్లోనే క్రీములో పడితే పులుపుకు అక్కడక్కడా తరక కడుతుంది. ఐసు వేశాక ఆపి ఆపి తిప్పండి, మొత్తం ఇరవై సెకన్లు మించొద్దు. అదేపనిగా తిప్పితే బ్లేడు వేడికే కరుగుతుంది. జార్‌లో సగానికి మించి నింపకండి, ఒకసారికి రెండు గ్లాసులే.

ఐసు వేయకముందు ఒక చుక్క రుచి చూడండి. అప్పుడు కాస్త ఎక్కువ తియ్యగా అనిపించాలి. చల్లదనానికి నాలుకకు తీపి తగ్గి తెలుస్తుంది, ఐసు నీళ్లూ కలుస్తాయి. ముందే సరిగ్గా ఉన్నది గ్లాసులోకి వచ్చేసరికి చప్పగా ఉంటుంది.

చెంచాకు నిలబడీ నిలబడనట్టు జారితే సరైన పాకం. స్ట్రాలోంచి రానంత గట్టిగా ఉంటే అనాసరసం రెండు చెంచాలు పోసి ఒక్కసారి తిప్పండి. పలచబడితే ఐసు కాదు, గడ్డకట్టిన పండు ఇంకో గుప్పెడు వేయండి. నూనె చుక్కలు తేలితే క్రీము మరిగిపోయి ఉంటుంది. అప్పుడు చేయగలిగింది తక్కువ, ఒక చెంచా కొత్త కొబ్బరిపాలు వేసి గట్టిగా తిప్పితే కొంత సర్దుకుంటుంది.

వడ్డన

గ్లాసులో పోసి, చెంచా బోర్లించి దాని వీపు మీదుగా డార్క్ రమ్ము మెల్లగా వదిలితే పైన గోధుమరంగు పొర నిలుస్తుంది. దాని మీద జాజికాయ కొంచెం గీరండి. స్టీలు గ్లాసులు ఈ పనికి వద్దు, చేతి వేడి వెంటనే లోపలికి దిగుతుంది. కింద గుడ్డ పరవండి, తీరం గాలికి గ్లాసు బయట చెమట పట్టి బల్లంతా తడుస్తుంది.

మందు తాగనివాళ్లకు, పిల్లలకు ముందుగా తిప్పేసి, ఆ తర్వాతే జార్‌లో రమ్ము పొయ్యండి. వాళ్ల గ్లాసులో రమ్ముకు బదులు లేత కొబ్బరినీళ్లు 60 మి.లీ. వేస్తే సరిపోతుంది. గ్లాసుల్ని కలగాపులగం కానివ్వొద్దు. పైపొర కలిసిపోయాక రంగు చూసి, వాసన చూసి తేడా చెప్పడం కష్టం. తాగేవాళ్లకూ అదే చిక్కు. తీపి మాటున రమ్ము తెలియదు, కానీ గ్లాసులో ఉన్నది రెండు చిన్న పెగ్గులు. తాగినవాళ్లు బండి తాళాలు లోపల పెట్టి, రాత్రికి అక్కడే పడుకోవడం నయం.

పక్కన నంజుకోవడానికి కారం, ఉప్పు ఉన్నవే బాగుంటాయి. మిరియాలు తగిలించిన రొయ్యల వేపుడు, వంజరం ముక్కల వేపుడు, ఉప్పు జల్లి వేయించిన వేటపాలెం జీడిపప్పు. చేపల పులుసును మాత్రం దీని పక్కన పెట్టకండి. చింతపండు, మామిడికాయ పులుపు తర్వాత కొబ్బరి తీపి వెగటుగా తగులుతుంది. పులుసు భోజనానికి ఉండనివ్వండి.

మిగిలిన క్రీమును ఐసు ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెడితే నెలరోజులు నిలుస్తుంది. ఈసారి గ్లాసుకు రెండు ముక్కలు తీసి, పూర్తిగా కరగనిచ్చి, ఒకసారి మిక్సీ తిప్పాకే వాడండి.